మందిరం మెట్లు దిగిన ఆడవాళ్ళు

ఇంగ్లండులో ఒక కాన్వెంటు. 1960ల నాటి మాట. కన్యస్త్రీ కావడానికి శిక్షణలో ఉన్న ఒక అమ్మాయిని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి సాధన చేయమన్నారు. కాలితో తొక్కే మిషను. చూస్తే దానికి సూది లేదు. ఆ మాటే పెద్ద సిస్టరుగారితో చెప్పింది. చెప్పడమే నేరమైపోయింది. విధేయత అంటే ఏమిటో తెలియని పిల్లవని చీవాట్లు పెట్టి, సూది లేకుండానే తొక్కమన్నారు. ఆ అమ్మాయి రోజూ వెళ్ళి కూర్చుని ఉత్త మిషను తొక్కింది. తొక్కుతూ తొక్కుతూ, ఇందులో తనకు అర్థం కాని మేలు ఏదో ఉండే ఉంటుందని మనసుకు నచ్చజెప్పుకుంది కూడా.

ఆమె పేరు కారెన్ ఆమ్‌స్ట్రాంగ్. 1962లో 17 ఏళ్ళ వయసులో కాన్వెంటులో చేరింది, 1969లో బయటికి వచ్చేసింది. ఆ ఏడేళ్ళ కథను 1981లో 'త్రూ ది నారో గేట్' అనే పుస్తకంగా రాసింది. తర్వాత ప్రపంచ మతాల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాసిన ఆమ్‌స్ట్రాంగ్ ఈవిడే.

కఠినమైన మగపెత్తనం నడిచే క్రైస్తవ సమాజాల నుంచి బయటికొచ్చిన ఆడవాళ్ళు రాసుకున్న ఆత్మకథల గురించి ఈ పూట మాట్లాడదామనుకున్నాను. ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను. నేను ఆ మతంలో పుట్టినదాన్ని కాను. మా ఇళ్ళలో వితంతువులకు గుండు గీయించిన కాలం మా అమ్మమ్మ కళ్ళారా చూసింది. కాబట్టి పక్కింటి కిటికీలోంచి తొంగిచూసి నవ్వే అర్హత నాకు లేదు. చదువరిగా మాట్లాడతాను, అంతే.

కుట్టుమిషను సంగతితో ఎందుకు మొదలుపెట్టానంటే, ఇలాంటి పుస్తకం అనగానే మనం కొట్టడాలు, గదిలో పెట్టి తాళం వేయడాలు ఊహించుకుంటాం. అవి ఉన్న పుస్తకాలూ ఉన్నాయి. కానీ మంచి పుస్తకాల్లో మనల్ని వెంటాడేది సూది లేని మిషను వంటిదే. ఎవరూ కొట్టలేదు, తిండి మాడ్చలేదు. కళ్ళెదుట ఉన్నది లేదనీ, లేనిది ఉందనీ ఒప్పుకోవడం అలవాటు చేశారు. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి బయటికొచ్చాక కూడా ఏళ్ళు పడుతుంది.

రెబెకా స్టాట్ అనే రచయిత్రి ఉన్నారు. ఇంగ్లండులోని ఎక్స్‌క్లూసివ్ బ్రదరన్ సమాజంలో పుట్టారు. ఆ ఇళ్ళలో టెలివిజను లేదు, సినిమా లేదు, శ్రోతలు ఏమీ అనుకోకపోతే, రేడియో కూడా నిషిద్ధమే. బయటివాళ్ళతో కలిసి భోంచేయకూడదు. ఆడవాళ్ళు ముసుగు వేసుకోవాలి, కూడికలో నోరు విప్పకూడదు. సంఘం వెలివేస్తే సొంత భార్య, పిల్లలు కూడా ఆ మనిషితో ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినరు. తండ్రి ఆ సమాజంలో బోధకుడిగా ఉండి, తర్వాత బయటపడ్డాడు. ఆయన కథా తన కథా కలిపి ఆమె 2017లో 'ఇన్ ది డేస్ ఆఫ్ రెయిన్' రాశారు. ఆ ఏడాది కోస్టా జీవితచరిత్ర బహుమతి దానికే వచ్చింది.

ఈ బ్రదరన్ వాళ్ళు మనకు అంత దూరపువాళ్ళేమీ కారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో సహా వచ్చి నరసాపురం వైపు స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషను అలా పుట్టింది. ఆ ఉద్యమం 1848లో రెండుగా చీలింది. తలుపులు మూసుకున్న కొమ్మలో స్టాట్ పుట్టారు. తలుపులు తెరిచి ఉంచుకున్న కొమ్మ మన గోదావరి జిల్లాల్లో చిగిర్చింది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇక్కడివాళ్ళు రేడియో వింటారు, అందరితో కలిసి తింటారు. అయితే ముసుగూ, కూడికలో ఆడవాళ్ళ మౌనమూ మాత్రం రెండు కొమ్మల్లోనూ ఉన్నాయి. పౌలు కొరింథీయులకు రాసిన పత్రికనే ఇద్దరూ చూపిస్తారు.

అమెరికాలో మేగన్ ఫెల్ప్స్ రోపర్ కథ ఇంకో రకం. కాన్సస్ రాష్ట్రంలో టొపీకా అనే ఊళ్ళో వెస్ట్‌బరో బాప్టిస్టు సంఘమని ఒకటుంది. పేరుకు సంఘం, నిజానికి చాలావరకు ఒకే కుటుంబం. మేగన్ తాత ఫ్రెడ్ ఫెల్ప్స్ అప్పట్లో దాని కాపరి. సైనికుల అంత్యక్రియల దగ్గర ద్వేషం నిండిన అట్టలు పట్టుకుని నిలబడడం వాళ్ళ పని. మేగన్ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ అట్టలు పట్టుకుంది. ఆమె తల్లి షర్లీ న్యాయవాది. సంఘం పనులన్నీ భుజాన మోసిన మనిషి. ఒకరోజు మగపెద్దలు కొందరు కూడబలుక్కుని పగ్గాలు తమ చేతిలోకి తీసుకుని ఆమెను ఒక మూల కూర్చోబెట్టారు. అంతకాలం బయటి ప్రపంచం మీద ప్రయోగించిన కర్కశత్వం తన తల్లి మీదికి తిరిగేసరికి కూతురికి కళ్ళు తెరుచుకున్నాయి. 2012 నవంబరులో చెల్లెలు గ్రేస్‌తో కలిసి ఇల్లు వదిలింది. 2019లో వచ్చిన ఆమె పుస్తకం 'అన్‌ఫాలో'లో నాకు నచ్చింది ఒకటే. తన వాళ్ళను రాక్షసులుగా చూపించదు. అమ్మ మీద బెంగ ప్రతి అధ్యాయంలోనూ తగులుతూనే ఉంటుంది.

కరోలిన్ జెస్సప్ కథలో సాహసం ఎక్కువ. మోర్మన్ల నుంచి చీలిన బహుభార్యాత్వ సమాజం నుంచి 2003లో తన 8 మంది పిల్లల్ని వెంటబెట్టుకుని పారిపోయి వచ్చిందామె. 2007లో రాసిన 'ఎస్కేప్' ఊపిరి బిగబట్టి చదివిస్తుంది. చదివాక మాత్రం ఆమ్‌స్ట్రాంగ్ పుస్తకంలా మనతో ఉండిపోదు. నా అభిరుచి అనుకోండి.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. నేను ఉండేది దువ్వాడలో. ఉక్కు కర్మాగారం, సెజ్, ఇంజనీరింగు కాలేజీ, ఎప్పుడూ ఏదో ఒక రైలు కూత. విశాఖ స్టేషనులోకి వెళ్ళకుండా పక్కనుంచి పోయే బళ్ళు చాలా మా దగ్గరే ఆగుతాయి. ఉక్కు వచ్చాక నానా ఊళ్ళ నుంచి జనం వచ్చారు, వాళ్ళతో పాటే వాళ్ళ వాళ్ళ సంఘాలూ వచ్చాయి. కూర్మన్నపాలెం నుంచి దువ్వాడ దాకా ఆదివారం పొద్దున నడిస్తే రేకుల షెడ్డులో ఒక మందిరం, మేడ మీద ఒకటి, సందులో ఒకటి, మైకుల్లో పాటలు వినిపిస్తూనే ఉంటాయి.

మా వీధిలో ఒకామె పిలిస్తే ఒకసారి అలాంటి మందిరానికి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చున్నాం. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. చాలామందివి తెల్లచీరలే. చెవులకు, మెడలకు ఏమీ లేవు. బాప్తిస్మం తీసుకున్నప్పుడే నగలు తీసేస్తారు ఆ సంఘంలో. జిప్పు సంచీలో బైబిలు, ఆ సంచీలోనే కళ్ళజోడు, కానుక వేయడానికి మడతపెట్టిన నోటు. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పేవాళ్ళు రావచ్చన్నారు. అక్కడ నేను నివ్వెరపోయాను. బడి గడప తొక్కని ఒక నడివయసు ఆడమనిషి లేచి నిలబడి, ముసుగు సర్దుకుని, తన బతుకును పది నిమిషాల్లో చెప్పింది. ముందు ఎలా ఉండేదాన్ని, ఏ కష్టం వచ్చింది, ఏ రాత్రి ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. ముప్పై ఏళ్ళు క్లాసులో పాఠం చెప్పిన నేను అలా చెప్పలేను.

బోధ చేసే అధికారం ఆడవాళ్ళకు ఇవ్వని కొన్ని చోట్ల కూడా సాక్ష్యం చెప్పనిస్తారు. ఒక స్త్రీకి తన కథను మొదలు, మలుపు, ముగింపు పెట్టి నలుగురిలో చెప్పడం అక్కడే అలవడుతుంది. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ వచ్చిన ఆ పుస్తకాలు మళ్ళీ తిరగేస్తే నాకు తట్టిన మాట ఇది. వాళ్ళు రాసింది కూడా సాక్ష్యమే. కూడికలో నిలబడి చెప్పనివ్వని సాక్ష్యం. చెప్పే తీరు సంఘం నేర్పిందే. చీకటిలో ఉన్నాను, వెలుగు చూశాను అనే నడక కూడా అదే. ఆ వెలుగు ఎటు నుంచి వచ్చిందన్న దగ్గరే పేచీ. అందుకే ఈ పుస్తకాలను దేవుడి మీద కసితో రాసినవిగా చదివితే సగం పోగొట్టుకుంటాం. చాలామంది వదిలిపెట్టింది దేవుణ్ణి కాదు, దేవుడి తరఫున మాట్లాడతామన్న మగవాళ్ళని.

ఈ మాట మన దేశంలో ఎప్పుడో అన్నది పండిత రమాబాయి. సంస్కృతం చదివి పండితగా పేరు తెచ్చుకుని, 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పుచ్చుకుంది. పుచ్చుకున్న మరుక్షణం నుంచీ తనను చేరదీసిన సిస్టర్ జెరాల్డీన్‌తో తగవే. పురోహితుల పెత్తనం ఒకటి వదిలించుకుని వచ్చినదాన్ని, మరో పురోహిత వర్గానికి నా మనస్సాక్షిని ఎందుకు అప్పగించాలి అని ఆమె వాదన. ఆ ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. ఆమె మతం వదల్లేదు, తలా వంచలేదు.

కేరళలో ఈ తగవు బజారుకెక్కింది. త్రిస్సూరులో సెయింట్ మేరీస్ కాలేజీ ప్రిన్సిపాలుగా చేసిన సిస్టర్ జెస్మి 33 ఏళ్ళ కాన్వెంటు జీవితం తర్వాత 2008లో బయటికొచ్చారు. మరుసటి ఏడు 'ఆమెన్' అనే ఆత్మకథ వచ్చింది. పత్రికలన్నీ అందులోని లైంగిక ప్రస్తావనల్నే పట్టుకున్నాయి. నాకు గుర్తుండిపోయింది వేరే. చదువు లేని పేదింటి అమ్మాయిలు కన్యస్త్రీలయ్యాక కూడా వంటింటికీ చాకిరీకే అంకితమైపోవడం గురించి ఆమె రాసిన పేజీలు. దేవుడి ఇంట్లో కూడా పనిమనిషి పనిమనిషిగానే మిగిలింది.

సిస్టర్ లూసీ కలప్పుర సంగతి ఇంకా చిత్రం. 2018 సెప్టెంబరులో కొచ్చిలో కన్యస్త్రీలు రోడ్డు మీద కూర్చుని, అత్యాచారం ఆరోపణ ఉన్న బిషప్ ఫ్రాంకో ములక్కల్‌ను అరెస్టు చేయాలని దీక్ష చేశారు. ఆమె వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నారు. 2019లో ఆమెను సభ నుంచి తొలగించారు. ఆమె మీద మోపిన నేరాల జాబితాలో కారు కొనడం, కవితల పుస్తకం అచ్చువేయించుకోవడం కూడా ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో ఆమె ఆత్మకథ 'కర్తావింటె నామత్తిల్' వచ్చింది. అచ్చు ఆపమని కోర్టుకెళ్ళినవాళ్ళకు హైకోర్టులో చుక్కెదురైంది. బిషప్ ఫ్రాంకోను ఆ అత్యాచారం కేసులో 2022 జనవరిలో కొట్టాయం కోర్టు నిర్దోషిగా వదిలేసింది, ఆ సంగతీ చెప్పుకోవాలి. లూసీ దగ్గర విశేషమేమిటంటే ఆవిడ వెళ్ళిపోలేదు. పొమ్మన్నా పోనని కాన్వెంటులోనే కూర్చుని కోర్టులో పోరాడారు.

ఇంతకీ తెలుగులో ఇలాంటి పుస్తకం ఏది? ఆ తెల్లచీరల మధ్య కూర్చుని నేను అదే అనుకున్నాను. అంత బాగా కథ చెప్పగల ఆడవాళ్ళున్న చోట జెస్మి ఎందుకు పుట్టలేదు?

నాకు తోచిన కారణం చెబుతాను. కేరళ సిరియన్ క్రైస్తవులు భూములున్నవాళ్ళు, కులంలో పైమెట్టున ఉన్నవాళ్ళు. అక్కడ ఆడవాళ్ళ పోరు ఆస్తి దగ్గర మొదలైంది. 1916 నాటి తిరువాన్కూరు చట్టం ప్రకారం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో దాన్ని పడగొట్టారు. ఆ తల్లి గురించి అరుంధతీ రాయ్ 2025లో పెద్ద జ్ఞాపకాల పుస్తకమే రాశారు. తెలుగు క్రైస్తవ స్త్రీకి ఆ బాధ లేదు. 1925 భారత వారసత్వ చట్టం ఆమెకు అన్నతమ్ములతో సమానంగా వాటా ఇచ్చింది. హిందూ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1985లో గానీ రాలేదు. అయితే ఏం లాభం? పంచుకోవడానికి భూమి ఉంటే కదా. తెలుగునాట క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. వాళ్ళ ముత్తవ్వలు మందిరం మెట్లెక్కడమే ఒక గడప దాటడం. అంటరానితనం నుంచి, అక్షరం లేనితనం నుంచి. 1849లో అన్నెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు మన తీరానికి వచ్చారు. ఆ సభవాళ్ళే 1958లో విశాఖలో ఆడపిల్లల కాలేజీ పెట్టారు. ఎన్ని ఇళ్ళలో తొలి గ్రాడ్యుయేటు ఆ కాలేజీ అమ్మాయో నేను ఎరుగుదును.

కాబట్టి కారెన్ ఆమ్‌స్ట్రాంగ్ మెట్లు దిగితే ఎదురుగా ఆక్స్‌ఫర్డ్ ఉంది. మా వీధి ఆమె దిగితే ఎదురుగా ఊరుంది. ఊరు అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు.

సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ఈ చిక్కుముడిని చూపిస్తుంది. కెనడా మిషనరీల నీడన పెరిగిన కుటుంబం కథ అది. మేనమామ కె.జి. సత్యమూర్తి, మనకు శివసాగర్‌గా తెలిసిన కవి. తల్లి మంజుల ఎం.ఏ. కోసం కాశీ దాకా వెళ్ళి చదువుకుంది. అంత చదువుకున్న పిల్లను కూడా అన్నలు చూపులతో, అదుపులతో కట్టడి చేయడం ఆ పుస్తకంలో చదువుతుంటే, చదువు చెప్పించిన చేతులే తల వంచమని ఒత్తిడి పెట్టడం తెలుస్తుంది. బయట కులం, లోపల మగపెత్తనం. ఎటు దిగితే ఎటు పడతామో తెలియని మెట్లు అవి. ఎం.ఎం. వినోదిని ఇంకో దారి పట్టారు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో కుమారుడి స్థానంలో కుమార్తెను పెట్టి కథ రాశారు. చదువుకోవడానికి వెళ్ళిన దళిత క్రైస్తవ అమ్మాయి అగ్రకులాల అలవాట్ల మోజులో ఇంటిని ఈసడించుకుని, దెబ్బతిని, తిరిగి ఇంటికొస్తుంది. అక్కడ వెళ్ళిపోవడం కథ, ఇక్కడ తిరిగి రావడం కథ.

అలాగని ఇక్కడ ఎవరూ మెట్లు దిగడం లేదనుకోకండి. నన్ను పిలిచిన మా వీధి ఆమె దిగింది. అయితే ఇంకో మందిరం మెట్లెక్కింది. మొగుడు తాగొచ్చి కొడితే మొదటి సంఘంలో ప్రార్థన చేసుకో, ఓర్చుకో అన్నారట. పోలీసు స్టేషనుకు వెళ్ళినందుకు ఆమెను బల్లకు రాకుండా ఆపారు. అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం ఇవ్వరన్నమాట. కొట్టినవాడికి మాత్రం ఇచ్చారు. ఆమె ఆ ఆదివారంతో అటు వెళ్ళడం మానేసింది. ఇలా మందిరాలు మారిన ఆడవాళ్ళ కథలు రాస్తే మా దువ్వాడ నుంచే ఒక సంపుటం వస్తుంది.

ఓర్చుకోమనడం ఒక్క సంఘాల పనే కాదు. 1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవ స్త్రీతో అదే అంది. భార్య వ్యభిచారం చేసిందని రుజువైతే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం అది చాలదు. వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి. జిల్లా కోర్టు తీర్పును మళ్ళీ హైకోర్టు ఖరారు చేయాలి. కేరళ, బొంబాయి హైకోర్టులు 1990లలో తప్పుపట్టాక, 2001లో పార్లమెంటు మార్చింది. నూటముప్పై ఏళ్ళు. మారినవి సంఘాల్లోనూ ఉన్నాయి లెండి. దక్షిణ ఇండియా సంఘం తొలి మహిళా బిషప్పు ఇ. పుష్పలలిత 2013లో అభిషేకం పొందింది మన నంద్యాలలోనే.

మా వీధి ఆమెతో ఈ పుస్తకాల గురించి చెబితే చాలా శ్రద్ధగా విన్నది. నువ్వూ రాయకూడదూ, చెప్పు నేను రాసిపెడతాను అన్నాను. "రాసీడానికేటండి మేడమ్, చెప్పీగలను. అది ఎవలి చేతిలో పడతాదో అదే నా బయ్యం" అంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. 1836లో మరియా మాంక్ అనే ఆమె మాంట్రియల్ కాన్వెంటు నుంచి పారిపోయి వచ్చానంటూ ఒక పుస్తకం వెలువరించింది. ఘోరాలన్నీ ఏకరువు పెట్టింది. లక్షల మంది చదివారు. ఒక పత్రికా సంపాదకుడు స్వయంగా వెళ్ళి ఆ కాన్వెంటు గదులు చూసొచ్చి, అదంతా కట్టుకథ అని తేల్చాడు. కేథలిక్కులంటే గిట్టనివాళ్ళు దాన్ని అప్పటికే ఆయుధం చేసుకున్నారు, తేలాక కూడా వదల్లేదు. మన దగ్గర ఆదివారం ప్రార్థన మీదే రాళ్ళు పడే చోట్లు ఉన్నప్పుడు, తన పాస్టరు మీద తాను చెప్పిన మాట రేపు తన పేట మీదికి ఎవరు ఎత్తుకొస్తారో అని ఆమె వెనకాడడం నాకు అర్థమవుతుంది.

అయినా నేను పట్టు వదల్లేదు. కనీసం పేర్లు, ఊరు మార్చేసి రాద్దాం అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పేరు మార్చీసి చెప్తే అది సాచ్చికం ఎలాగవుతాదండీ" అని నన్నే తిరిగి అడిగింది. ఆ వాదన మా ఇద్దరి మధ్యా ఇంకా నడుస్తూనే ఉంది.